మేము చూడని గుఱ్ఱములు

కోనసీమలో పుట్టినవారికి పందెపు గుఱ్ఱములతో నేమి పని యని చదువరులు శంకింపవచ్చును. మా అంబాజీపేట కొబ్బరికాయల వర్తకమునకు పేరుగన్న ఊరు. మా చిన్ననాడు కాలువలో పడవయు, గట్టుమీద ఎడ్లబండియు, కూడలిలో రెండు మూడు జట్కాలును దక్క ఇచ్చట వేగమునకు దృష్టాంతముగా చూపదగిన వస్తువు లేకుండెను. అయినను విండ్సర్ లాడ్, ప్రిన్సెస్ బ్యూటిఫుల్, శయాజీరావు అను అశ్వముల పేర్లు మాకు మా ముత్తాతల పేర్లకంటె ముందుగా కంఠస్థములయ్యెను. ఇందులకు కారణము మా మేనమామ.

మామయ్య కొబ్బరి వర్తకుడు. బాకీల వసూలుకై ఏడాదికి రెండు మూడు పర్యాయములు గోదావరి దాటి, రైలెక్కి, ఒక పెద్ద పట్టణమునకు పోయి వచ్చుచుండెడివాడు. అచ్చటి పందెపు మైదానమును ఆయనకు మొదట చూపిన పుణ్యాత్ముడెవరో మే మెఱుగము. అది 1960 దాటిన తొలి సంవత్సరముల మాట. మొదట వెళ్లినప్పుడు మాత్రమే ఆడెను. పిమ్మట ఆ పట్టణమందలి యొక పరిచితుని మూలమున ఇంటియొద్ద నుండియే పందెములు కట్టజొచ్చెను. ఆయనకు ఇంగ్లీషు రాదు. మేము ఉన్నత పాఠశాలలో క్రొత్తగా చేరి, వచ్చిన నాలుగు ఇంగ్లీషు ముక్కలను ఎవరి యెదుటనైనను ప్రదర్శింపవలెనని ఉవ్విళ్లూరుచుంటిమి. కావున ఒక దినము ఆలస్యముగా బస్సులో వచ్చు మద్రాసు పత్రికలో గుఱ్ఱప్పందెముల పుటను చదివి వినిపించు నుద్యోగము మాకు లభించెను. జీతము వారమునకు పది పైసలు.

అరుగుమీద పడకకుర్చీలో మామయ్య కన్నులు మూసికొని యుండును. గుఱ్ఱము పేరు, అది మోయు బరువు, జాకీ పేరు, గెలిచినది ఎంత దూరముతో నను సంగతి మేము చదువుచుందుము. "ఒరేయ్ అబ్బాయ్, మన గుఱ్ఱం ఏమైందో చూడరా" అని యాయన యడుగు కంఠస్వరమును ఇన్నేండ్లకును మఱవలేదు. నిశ్చయముగా ఆ సాయంకాలములు మాకు సంతోషకరములు. ఆ సంతోషమును గూర్చియే ఇప్పుడు మాకు సందేహము కలుగుచున్నది.

పందెముల పుట ముగిసిన తరువాత మామయ్య పూర్వకథలు చెప్పును. అవి పట్టణమున విన్నవి. ఆయన చెప్పుటలో వానికి పురాణముల కాంతి వచ్చుచుండెను. రాజపిప్లా మహారాజు కొన్న విండ్సర్ లాడ్ 1934లో ఇంగ్లండులోని ఎప్సమ్ డెర్బీ గెలిచిన వృత్తాంతము ఆయనకు మిక్కిలి ప్రీతిపాత్రము. తెల్లదొరలు మనల నేలుచున్న దినములలో వారి యూరనే, వారి పందెముననే, మనవాని గుఱ్ఱము వారి గుఱ్ఱములను వెనుక వేసినదని చెప్పుచు మామయ్య కుర్చీలో లేచి కూర్చుండును. పిమ్మట పుస్తకములలో చూచినప్పుడు తెలిసినదేమనగా, మహారాజు ఆ కీర్తి యింకను చల్లాఱకముందే దానిని ఏబదివేల పౌనులకు అమ్మివేసెను. కొన్నవాడు పందెములు కట్టించుకొను వ్యాపారి. ఈ సగము కథను మామయ్య యెన్నడును చెప్పలేదు. ఆయనకు తెలియదేమో.

బరోడా మహారాజు గుఱ్ఱపుపిల్ల యొకదానిని 1945లో ఇరువది యెనిమిదివేల గినీలకు కొని, దానికి తన వంశపు పెద్ద పేరు పెట్టెను. ఆ శయాజీరావు 1947లో ఇంగ్లండున సెయింట్ లెజర్ పందెమును గెలిచినది. ఆ మహారాజుదే ప్రిన్సెస్ బ్యూటిఫుల్ అను ఆడుగుఱ్ఱము. 1943లో బొంబాయిలో జరిగిన మొట్టమొదటి ఇండియన్ డెర్బీలో విజయము దానిదే. ఆడుగుఱ్ఱము మగవాని నన్నిటిని ఓడించినదని మామయ్య చెప్పుచుండగా, లోపల బియ్యమేరుచున్న అత్తయ్య చేట ఒక్క క్షణము నిలిచి, మఱల కదలుట మాకు జ్ఞాపకము. మన తెలుగుదేశపు ముచ్చట కావలెనన్నచో, ఆఱవ నిజాము మహబూబ్ ఆలీఖాన్ తన నివాసమునకు దగ్గఱగా నుండునని 1886లో మలకుపేటకు పందెములను మార్పించిన కథ యుండనే యున్నది.

అత్తయ్య కార్తికమాసమున ఆంధ్ర మహాభారతము చదివెడిది. ఆమె గొంతుననే మేము నలోపాఖ్యానమును వింటిమి. నలునకు అశ్వహృదయము తెలియును. ఋతుపర్ణునకు అక్షహృదయము తెలియును. విదర్భకు పోవు దారిలో తాండ్రచెట్టు క్రింద ఇద్దఱును తమ విద్యలను మార్చుకొనిరి. తోడనే కలి నలుని విడిచిపోయెను. "గుర్రాల విద్య అంత తెలిసినవాడు, పాచికలు పట్టేముందు ఆ విద్యనే నమ్ముకోకూడదూ?" అని యామె పుస్తకము మూయుచు నొకనా డనెను. మామయ్య విననట్లుండెను. మే మప్పుడు నవ్వితిమి.

ఒక మధ్యాహ్నము అత్తయ్య మమ్ము పెరటిలోనికి పిలిచి మెల్లగా, "నాన్నా, ఆ కాగితం ఇవాళ రాలేదని చెప్పవూ?" అనెను. కాగితము మా చంకలోనే యున్నది. సరేయంటిమి. సాయంకాలము మామయ్య కన్నులు మూసికొని కూర్చుండగానే మాకు నిలుకడ తప్పెను. ఆ దినమున పెద్ద పందెము. అందఱు లెక్కసేయని గుఱ్ఱ మొకటి గెలిచినది. ఆ వార్తను కడుపులో దాచుకొనుట మా వలన గాలేదు. చదివితిమి. లోపల నుండి అత్తయ్య మాటయైన వినరాలేదు. పది పైసల కొఱకు చదివితిమని చెప్పినచో మా తప్పు కొంత తేలికయగును. కాని మాకు కావలసినది ఆ పేర్లను మా నోట పలుకు సుఖము.

రెండేండ్లకు తోట పోయినది. అది మామయ్య తోట కాదు. అత్తయ్యకు పుట్టింటివారు పసుపుకుంకుమల క్రింద నిచ్చిన యెకరమున్నర కొబ్బరితోట. 1956 నాటి హిందూ వారసత్వ చట్టము స్త్రీకి తన యాస్తిపై సంపూర్ణమైన హక్కు నిచ్చినది. దస్తావేజును ముందుంచి, కలమును చేతికిచ్చి, భర్త మౌనముగా నిలుచుండినప్పుడు, వలదని చెప్పు ధైర్యమును మాత్రము ఏ చట్టమియ్యగలదు? భారతము చదివిన యా యిల్లాలు చక్కని యక్షరములతో సంతకము చేసెను. ఆ యక్షరములను మేము చూచితిమి.

అటుపిమ్మట మామయ్య పందెములు మానెను. ఎవరును మానుమనలేదు, కట్టుటకు మిగిలినదేమియు లేకపోవుటయే కారణమని కొందఱనిరి. అది పూర్తిగా నిజము కాదని మా తలంపు. ఒకనాడు ఆయనయు, అత్తయ్యయు, మేమును అమలాపురమునకు జట్కాలో పోవుచుంటిమి. జట్కా తాత తన ముసలి గుఱ్ఱము ఒకప్పుడు పందెములలో పరుగెత్తినదని గొప్పగా చెప్పెను. నిజమో కల్పనమో! పందెములలో పనికిరాకపోయిన గుఱ్ఱములు బండ్లకు చేరుట వాడుకయే. మామయ్య దిగి, దాని ప్రక్కటెముకలను, కాడి యొరసిన పుండును చాలసేపు చూచెను. ఇన్ని గుఱ్ఱములపై ధనమును పోసిన యా మనుష్యుడు ఒక గుఱ్ఱమును చేతితో తాకుట మేము చూచినది అదియే మొదలు. అత్తయ్య మూట విప్పి బెల్లపుముక్క నందిచ్చెను.

మద్రాసు పందెములను మాన్పుటకు తమిళనాడు ప్రభుత్వము 1974లో చట్టము చేసినది. 1996లో సుప్రీంకోర్టు, గుఱ్ఱప్పందెము ప్రధానముగా నేర్పుతో కూడినదేకాని జూదము కాదని తీర్పు చెప్పెను. న్యాయమూర్తుల మాటను కాదనువారము కాము. గుఱ్ఱమునందును, జాకీయందును, శిక్షకునియందును నేర్పున్నదని మేమును ఒప్పుకొందుము. అంబాజీపేట అరుగుమీద కన్నులు మూసికొని కూర్చున్నవానియం దే నేర్పున్నదో మాత్రము మాకు బోధపడలేదు.

1970 దాటిన దశాబ్దము చివర మేము ఉద్యోగమునుండి సెలవుపై వచ్చితిమి. మామయ్య వృద్ధుడయ్యెను. పలుకరింపుగా, స్క్వాండరర్ అను గుఱ్ఱమొకటి పందొమ్మిది పందెములలో పరుగెత్తి పదునెనిమిది గెలిచినదని చెప్పితిమి. ఆయన కన్నులు పూర్వమువలె మెఱసెను.

"ఆ పేరుకు అర్థం ఏమిట్రా అబ్బాయ్?"

మేము తటపటాయించి, తుదకు చెప్పితిమి: "దుబారా మనిషి అని, మామయ్యా."

ఆయన మొదట మాటాడలేదు. పిదప నవ్వెను, దగ్గు వచ్చునంత నవ్వెను. లోపలి నుండి అత్తయ్య మంచినీళ్ల చెంబుతో వచ్చి, ఏమైనదని యడిగెను. మేము సంగతి చెప్పితిమి.

"పందొమ్మిదింట్లో పద్దెనిమిది గెలిచిందా?" అని ఆమె చెంబు మామయ్య చేతికిచ్చెను. "అయితే ఓడిన ఆ ఒక్కదానిమీదే మీరు కట్టి ఉండేవారు."