శివారు చేనికి నీరందని దినము

గోదావరి డెల్టాలో పుట్టి పెరిగినవారికి నీటిత్రోవ నెఱుగుటకు వేరొక గురువు అక్కఱలేదు. 1847వ సంవత్సరమున ఆరంభమై 1852లో ముగిసిన ధవళేశ్వరపు ఆనకట్ట నాటినుండి ఈ సీమలో నీరు పెద్దకాలువనుండి చిన్నకాలువకును, అచ్చటినుండి బోదెకును, బోదెనుండి చేనికిని వచ్చుచున్నది. శివారు చేను ఎండినప్పుడు తెలివిగల రైతు గోదావరిని దూషింపడు, పొరుగువానితో కలహింపడు, పార భుజముపై నిడుకొని గట్టువెంట నడచి, ఏ తూమువద్ద నీరు నిలిచినదో చూచును. ఈ పాఠమును మేము చిన్ననాటనే నేర్చితిమి. నేర్చియు గత జూన్ మాసమున నొకనాడు మఱచితిమి. ఆ మఱపువలన ఒక నిరపరాధి మనస్సును నొప్పించితిమి. కావున ఆ వృత్తాంతమును మన పత్రికయందు చెప్పుకొనుట మా విధి యని తలచి వ్రాయుచున్నాము.

మన పాఠశాల విద్యార్థుల పేర్లు, పుట్టినతేదీలు, మార్కులు మొదలగునవి యన్నియు గ్రంథాలయపు గదిలోని యొక కంప్యూటరునందు భద్రపఱుపబడియున్నవి. అది సర్వరు. అందలి పట్టికలను వెదకి యిచ్చునది మైఎస్‌క్యూఎల్ అను డేటాబేసు. ఆఫీసు గదిలోని కంప్యూటరు క్లయింటు. అనగా తనయొద్ద నేమియు దాచుకొనక, వలసినదానిని సర్వరు నడిగి తెచ్చుకొనునది. సర్టిఫికెట్లను అచ్చొత్తు ప్రోగ్రాము ఈ ఆఫీసు కంప్యూటరునందు మాత్రమే కలదు.

ఆ దినమున పదియవ తరగతి ముగించిన యొక బాలిక తండ్రితో వచ్చి టీ.సీ. కోరెను. రాజమహేంద్రవరమున కళాశాలలో చేరుటకు మఱునాడే గడువు. తండ్రి దినకూలి, ఇంకొకనాడు పని మానుకొని రాజాలడు. మేము బాలిక పేరును కొట్టగా, సర్వరు అందుట లేదని తెరపై కనబడెను.

మొదట తీగలను చూచితిమి. అన్నియు సరిగానే యుండెను. పిమ్మట సర్వరు చిరునామాయైన 192.168.1.5 నకు పింగ్ అను పలుకరింపును పంపితిమి. ప్రత్యుత్తరము వెంటనే వచ్చెను. దారి బాగున్నదని సంతసించితిమి. ఇక తలుపు చూడవలెను. కంప్యూటరునకు చిరునామా యొకటే యైనను పోర్టులను తలుపులు వేలకొలది కలవు. మైఎస్‌క్యూఎల్ సాధారణముగా 3306వ తలుపువద్ద కూర్చుండును. దానిని తట్టగా “నిరాకరింపబడినది” అని తక్షణమే జవాబు వచ్చెను. డేటాబేసు నిద్రించుచున్నదేమో యని గ్రంథాలయమునకు పరుగెత్తితిమి. అచ్చట నది మేలుకొనియే యుండెను. ఆ కంప్యూటరుపై పట్టికలు చక్కగా తెఱచుకొనెను.

ఇచ్చట మా బుద్ధి దారి తప్పెను. ముందుదినపు సాయంకాలము ఆ గదిలో పుస్తకములు సర్దినవాడు తొమ్మిదవ తరగతి బాలుడొకడు. వానిని పిలిపించి, “నీవేదో మీట నొక్కితివి!” అని పదుగురి యెదుట గద్దించితిమి. “నేను ముట్టుకోలేదండీ” అని మాత్రము పలికి వాడు తల వంచుకొనెను. బాలిక తండ్రి గడియారమువంక చూచుచుండెను.

కొంతసేపటికి ఆ బాలుడే మెల్లగా ఇట్లనెను: “మాస్టారండీ, చేలోకొచ్చే నీరు ఏ బోదెదో తెలియకపోతే మా నాన్న తూము మూసేసి చూస్తాడండీ. అప్పటికీ నీరు వస్తుంటే అది మా బోదెది కాదన్నమాటేనండీ. ఈ సర్వరు తీగ తీసేసి మళ్ళీ పలకరించి చూద్దామాండీ?”

తీగ తీసి, ఆఫీసు గదినుండి మఱల పింగ్ చేసితిమి. ప్రత్యుత్తరము యథాప్రకారముగా వచ్చెను! పలుకుచున్నది సర్వరు కాదు, పరాయివారెవరో. అప్పుడు జ్ఞాపకము వచ్చినది. పిడుగుపాటుకు చెడిన పాత రౌటరును తీసి, ముందుదినము క్రొత్తదానిని అమర్చినవారము మేమే. కంప్యూటర్లకు చిరునామాలను పంచునది రౌటరు. పాతదానియందు 5వ సంఖ్యను సర్వరునకై ప్రత్యేకించియుంటిమి. క్రొత్తదానియందు ఆ యేర్పాటు చేయ మఱచితిమి. అది తన యిచ్చవచ్చినట్లు పంచి, 5ను ప్రింటరునకును 7ను సర్వరునకును ఇచ్చినది. అంతసేపును మేము ప్రింటరు తలుపు తట్టి, డేటాబేసు పలుకలేదని కోపించుచుంటిమి!

7వ సంఖ్యను సర్వరునకు స్థిరపఱచి, ఆఫీసు కంప్యూటరునకు క్రొత్త చిరునామాను తెలిపితిమి. ఈసారి నిరాకరణయు లేదు, సమ్మతియు లేదు. చాలసేపు మౌనము, పిదప గడువు తీరినదను సందేశము. ఈ రెంటికిని భేదము కలదు. నిరాకరణ యన్నచో ఇల్లు చేరితిమి గాని ఆ తలుపువద్ద నెవరును లేరని తఱచుగా అర్థము. మౌన మన్నచో నడుమ కావలివాడు మన మాటను మ్రింగివేయుచుండవచ్చును. ఆ కావలివాడే ఫైర్‌వాల్. క్రొత్త రౌటరును చూచి సర్వరులోని విండోస్ తాను బజారులో నున్నట్లు భావించి తలుపులు బిగించుకొనినది. కావలివానిని బొత్తిగా తొలగించుట సులభమే; కాని లోపల నున్నవి మన పిల్లల వివరములు. కావున ఇది మన యింటి నెట్‌వర్కే యని తెలిపి, మన కంప్యూటర్లకు మాత్రము 3306వ తలుపును తెఱపించితిమి. పట్టిక తెఱచుకొనెను. బాలిక టీ.సీ. చేత పట్టుకొని, తండ్రితోకూడ సాయంకాలపు బస్సు నందుకొనెను.

మఱునాటి ఉదయము, పదుగురి యెదుట గద్దించితిమి గనుక పదుగురి యెదుటనే ఆ బాలుని క్షమాపణ వేడితిమి. వాడు సిగ్గుపడి, “పరవాలేదండీ” అనెను. మాకు మాత్రము పరవాలేదని తోచలేదు. యంత్రము చెడినప్పుడు దారిని పరీక్షింపక మనుష్యుని శంకించుట, శివారు చేను ఎండినదని పొరుగువాని గట్టు తెగగొట్టుటవంటిది.

విద్యార్థులారా! ఇప్పుడు సర్వరు ప్రక్కగోడపై ఒక కాగితము అంటింపబడియున్నది. తీగ, చిరునామా, పలికినది ఎవరు, తలుపు, కావలి అను వరుస అందు వ్రాసియున్నది. వీని యన్నింటికంటె పైన పెద్దయక్షరములతో నున్న ప్రశ్న యిది: “నిన్నటినుండి మారినదేమి? మార్చినవారము మేమే కాము గదా?”