జేబులో పనస చెక్క

డిసెంబరు 3
ఈ రోజు నాలుగిళ్లకి వెళ్లాను. ఒకచోట రెగ్యులేటరు మరలు బిగించాను. ఇంకోచోట ఇన్వర్టరు దగ్గర వైరు తోలు ఒలిచాను. మూడో ఇంట్లో కొత్త స్టెబిలైజరు అట్టపెట్టె టేపు కోశాను. నాలుగో ఇంట్లో పని ఏమీ లేదు గానీ, వాళ్ల పాప కాల్లో ముల్లు తీశాను. ప్రతిసారీ బండి దగ్గరికెళ్లి పనిముట్ల సంచీ దింపాల్సొచ్చింది. జేబులో చిన్న కత్తొకటి ఉంటే చాలేది.

పోయినేడు వరకూ ఉండేది. పెద్దమ్మాయి దగ్గరికి విమానంలో వెళ్తూ, చేతిసంచీలో ఉందన్న సంగతి మరిచిపోయాను. తనిఖీ దగ్గర వదిలేసి వెళ్లాల్సొచ్చింది. కత్తిని విమానం అడుగున వేసే సామానులోనే పెట్టాలని తెలుసు. తెలిసీ పోగొట్టుకున్నాను, అందుకే ఇంకా బాధ.

డిసెంబరు 7
నాన్న మొలతాడుకి ఒక రింగు ఉండేది. దానికి పెట్టె తాళం, ముళ్లు తీసే చిమటా, చెవిలో గుబిలి తీసే పుల్ల. పొలం నుంచి వస్తే గట్టు మీదే కూర్చుని అరికాలు తొడ మీద వేసుకుని ముల్లు తీసుకునేవాడు. ముల్లు వచ్చాక చిమటాని పంచె అంచుకి తుడిచి మళ్లీ మొలకి దోపుకునేవాడు. ఆయన పోయాక రింగు ఎటుపోయిందో ఇంట్లో ఎవరూ చెప్పలేకపోయారు.

డిసెంబరు 15
కొత్తది కొనడానికి రెండు దారులున్నాయి. పట్టకారు ఉన్నదా, మడతకత్తా?

పట్టకారు రకానికి మూలపురుషుడు టిమ్ లెదర్‌మన్ అనే అమెరికా ఇంజినీరు. 1975లో భార్యతో కలిసి పాత ఫియట్ కారులో యూరప్ తిరుగుతుంటే, కారూ మొరాయించేది, బస చేసిన చోట పైపులూ కారేవి. జేబులో ఉన్న కత్తికి పట్టకారు కూడా ఉంటే బాగుండుననుకున్నాడు. ముందు అట్టముక్కలు కత్తిరించి నమూనా చేసుకున్నాడు. సరుకు అమ్మకానికి వచ్చేసరికి 1983 అయింది. ఆ ఓపిక ముందు నాకు చేతులు జోడించాలనిపిస్తుంది. కానీ వాళ్ల వేవ్ అనే రకం 241 గ్రాములు తూగుతుంది. చొక్కా జేబు కిందకి లాగేస్తుంది. పట్టకారు లేకుండా నేనెలాగూ ఏ ఇంటికీ వెళ్లను, అది సంచీలో ఉంటుంది.

అందుకని మడతకత్తే. విక్టోరినాక్స్ వాళ్లది. కార్ల్ ఎల్సెనర్ 1884లో స్విట్జర్లాండులోని ఇబాక్‌లో పెట్టిన కార్ఖానా అది. 1891లో సైన్యానికి కత్తులిచ్చాడు. తల్లి విక్టోరియా పేరుకి తరవాత తుప్పు పట్టని ఉక్కుకి వాడే ఇనాక్స్ అన్న మాట కలిసి ఆ పేరొచ్చింది. కొడుకు చేసిన కత్తి మీద అమ్మ పేరు. ఇది తెలిశాక ఇంకో కంపెనీ వైపు చూడబుద్ధి కాలేదు.

వాళ్ల కత్తుల్లోనూ స్పార్టన్ అనే రకంలో సీసా బిరడా తీసే మెలిక ఉంటుంది. మన ఇళ్లల్లో దానికి పనిలేదు. టింకర్‌లో ఆ చోట స్టార్ స్క్రూడ్రైవరు. 91 మిల్లీమీటర్ల పొడవు, 62 గ్రాములు. సీసా మూత తీసే నాలుక మొదట్లో వైరు తోలు ఒలిచే గాటు. వీపు మీద ఆరెలాంటి సూది. పక్కన చిమటా! అదే, నాన్న చిమటా. టింకర్ ఖాయం.

డిసెంబరు 22
వచ్చింది. అన్నీ బాగున్నాయి గానీ పిడికి రెండువైపులా ఉన్న ఆ ఎర్ర ప్లాస్టిక్ బిళ్లలు నున్నగా ఉన్నాయి. మేడ మీద చెమట చేత్తో పడితే జారింది. బిళ్లలు మార్చాలి.

జనవరి 5
గొల్లపల్లి వెళ్లాను. వీణలు చేసే సర్వసిద్ధివారి ఊరు. బొబ్బిలి వీణ ఏకాండి, అంటే కుండా దండీ అతుకు లేకుండా ఒకే పనస దుంగలోంచి తొలుస్తారు. వసారా నిండా పసుప్పచ్చ పొట్టు. అడుగేస్తే మెత్తగా దిగింది.

పెద్దాయన ఒక కుండలో ఉలి ఆడిస్తున్నాడు. కాసేపు చెక్కడం, ఆపి వేలి కణుపుతో తట్టడం, వినడం, మళ్లీ చెక్కడం. నేను కత్తి చూపించి, రెండు చిన్న ముక్కలు కావాలన్నాను.

"ఏటి బావూ, ఇంత సిన్నదానికి సెక్కెందుకు?"

"చేతికి పట్టు దొరకాలి మావా."

మూలనున్న కుప్పలో వెతికి, ఒకటి తట్టి పక్కన పడేశాడు. ఇంకోటి తట్టి ఇచ్చాడు. డబ్బులివ్వబోతే తీసుకోలేదు.

జనవరి 11
ప్లాస్టిక్ బిళ్లలు తీశాను. వేడినీళ్లలో కాసేపుంచి, పలచటి బ్లేడు సందులో దూర్చి నెమ్మదిగా లేపితే వచ్చేశాయి. కింద అల్యూమినియం రేకూ, ఇత్తడి రివెట్ల బుడిపెలూ కనిపించాయి. లెదర్‌మన్ లాగే నేనూ ముందు అట్ట మీద గీసుకుని కత్తిరించుకున్నాను. చెక్క కోసి, బుడిపెలు కూర్చోవడానికి గుంటలు తవ్వుతుంటే మూడో గుంట దగ్గర టప్‌మని చీలింది. పొడవుకి అడ్డంగా నార వచ్చేలా కోశాను. వీణ దండి మీద నార ఎటు పోతుందో వసారాలో అంతసేపు చూసీ పట్టించుకోలేదు.

జనవరి 16, కనుమ
మిగిలిన ముక్కని నార వెంబడి కోశాను. ఈసారి చీలలేదు. ఒక బిళ్లకి చిమటా గాడి పెట్టాను, హాక్సా బ్లేడుతో గీసి గీసి. పళ్లు కుట్టుకునే పుల్లకి గాడి పెట్టలేదు, దాని అవసరం నాకు రాలేదు. ఎరాల్డైట్ రాసి, బట్టలు ఆరేసే క్లిప్పులతో రాత్రంతా బిగించి ఉంచాను.

జనవరి 24
1757లో ఇదే రోజు బొబ్బిలి కోట పడిపోయింది. తాండ్ర పాపారాయుడు శత్రురాజు విజయరామరాజు గుడారంలో దూరి పొడిచిన కథ ఈ ఊళ్లో పిల్లలక్కూడా కంఠతా వచ్చు. అందుకేనేమో అత్తయ్యగారు జేబులోంచి కత్తి తీయగానే ఉలిక్కిపడ్డారు. "జేబులో కత్తేటి నాయినా, పోలీసులు పట్టుకోరూ?" కూర్చోబెట్టి చెప్పాను. ఆయుధాల నిబంధనల్లో చెప్పిన కొలత 9 అంగుళాలు దాటిన అలుగు, లేదా 2 అంగుళాలు దాటిన వెడల్పు. దీని అలుగు రెండున్నర అంగుళాలే. తరవాత ఆవిడ దాంతోనే చిక్కుడుకాయల ఈనెలు తీసి, "పదునుగానే ఉంది" అన్నారు.

ఫిబ్రవరి 9
ఆకురాయి జారి ఒక బిళ్ల అంచున గంటు పడింది. మళ్లీ గొల్లపల్లి. వీణకి 24 మెట్లు నిలబెట్టే మైనం ఉంటుంది, మసి కలిపి కాచిన నల్లటి మైనం. పెద్దాయన చిటికెడు గిల్లి, బొటనవేలితో గంటులోకి అదిమి, అంచుని గోటితో చెక్కేశాడు. పచ్చటి చెక్కలో నల్లటి చుక్క. బియ్యపు గింజంత. దాన్ని దాచే పాలిష్ వేయనని అప్పుడే అనుకున్నాను. అవిసె నూనె ఒక్కటే రాశాను.

ఏప్రిల్ 2
ఎండలు. చేయి తడిసినా జారడం లేదు.

జూన్ 14
పనస రంగు మారింది. పసుపు పోయి, తేనె పోయి, ఇప్పుడు బెల్లం. బొటనవేలు ఆనే చోట ఇంకా ముదురు.

వీణల ఊరి మీదుగా వెళ్తూ ఆగాను. పెద్దాయన బిరడా దగ్గర తీగ చుడుతున్నాడు. కొస మిగిలిపోతే పట్టకారుతో తుంచి, నా చేతిలోని కత్తి తీసుకున్నాడు. తెరవలేదు. చెవి దగ్గర పెట్టుకుని పనస బిళ్లని వేలి కణుపుతో రెండుసార్లు తట్టాడు.

"ఆ రోజు ఇచ్చిందే" అని తిరిగిచ్చేశాడు.