ముందు గురువు, తర్వాతే గోడ

భువనగిరి కోట నిలిచిన ఏకశిలా గుట్టపైనే శిలారోహణ నేర్చుకున్న గురుకుల విద్యార్థిని మాలావత్ పూర్ణ, 2014 మే 25న, పద్నాలుగేళ్లు నిండకుండానే ఎవరెస్టు శిఖరాన్ని అధిరోహించింది.

మా ఊరి చివరా ఒక గుట్ట ఉంది. అక్కడ యువతకు సాహస క్రీడల కేంద్రం నెలకొల్పాలని మా మహల్లా పెద్దలు చందాలు సేకరిస్తున్నారు. ముందుగా ప్రహరీగోడ కట్టాలని కొందరి అభిప్రాయం. నేను మాత్రం తాళ్లు, శిరస్త్రాణాలు, అన్నిటికంటే ముందు అనుభవజ్ఞుడైన శిక్షకుడు కావాలంటున్నాను. తాడు పట్టే చేతిపై నమ్మకం లేనిదే ఏ తల్లి తన బిడ్డను బండపైకి పంపుతుంది? ఆడపిల్లలకు ఒక శిక్షకురాలూ ఉండాలి. లేకుంటే నా కూతురి వంటివారు కింద నిలబడి చూస్తూ ఉండిపోతారు.

గోడ వచ్చే ఏడాదైనా కట్టుకోవచ్చు. పిల్లల వయసు మాత్రం మన కోసం ఆగదు.