నా మీద ఒట్టు

విజయవాడలో మే నెల ఎండ సంగతి మీకు చెప్పక్కర్లేదు. ఆ ఎండల్లో మా అక్క కూతురు ఇంట్లో కూడా పొడుగు చేతుల చొక్కాలే వేసుకుంటుంటే, ఫ్యాషనేమో అనుకున్నాను. తన బట్టలు తనే ఉతుక్కుంటుంటే మెచ్చుకున్నాను కూడా. "అక్కని చూసి నేర్చుకోరా" అని మా వాడిని దెప్పాను.

తనకి పదహారేళ్ళు. హాస్టల్లో ఇంటర్ మొదటి సంవత్సరం పూర్తి చేసి, సెలవులకి నా దగ్గరికి వచ్చింది. ఒకరోజు ఇద్దరం కూర్చుని ఆవకాయ కలుపుతున్నాం. చొక్కా చెయ్యి జారి కారంలో పడబోతుంటే నేనే పైకి మడిచాను. తన చేతుల నిండా నూనె, ఆపలేకపోయింది. ముంజేతి మీద వరసగా గీతలు. కొన్ని మానినవి, కొన్ని కొత్తవి.

నా నోటి నుంచి మొదట వచ్చిన మాట "నీకేం తక్కువైందే?" అని. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. ఆ తర్వాత చేసింది ఇంకా పెద్ద తప్పు. చేతులు కడిగించి, తన చెయ్యి నా తల మీద పెట్టుకుని, "ఇంకెప్పుడూ చెయ్యనని నా మీద ఒట్టెయ్యి" అన్నాను. వేసింది. హమ్మయ్య అనుకున్నాను.

నాలుగో రోజు అర్ధరాత్రి నా మంచం దగ్గరికి వచ్చి నిలబడింది. "పిన్నీ, ఒట్టు తప్పాను. నీకేమైనా అవుతుందా?" అంటూ వణికిపోతోంది. అసలు బాధ మీద నా ప్రాణం బరువు కూడా ఎత్తిపెట్టానన్నమాట.

ఆ రాత్రి భయపడుతూనే అడిగాను, "చచ్చిపోవాలనిపిస్తోందా తల్లీ?" అని. "లేదు పిన్నీ. లోపల హోరు కాసేపు ఆగితే చాలనిపిస్తుంది" అంది. మార్కులు తగ్గాయని సెక్షన్ మార్చారట. అది ఇంట్లో చెప్పలేక ఆరు నెలలు లోపలే దాచుకుంది.

"అమ్మకి చెప్పొద్దు" అంది. "ఇది నేను దాచలేను నాన్నా. కానీ నువ్వు పక్కన ఉండగానే, నువ్వు చెప్పమన్నట్టే చెప్తాను" అన్నాను. పొద్దున్నే 14416కి ఫోన్ చేశాం. అది టెలిమానస్. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టింది. రాత్రీ పగలూ ఉంటుంది, డబ్బులు కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడొచ్చు. వాళ్ళు చెప్పాక అక్కతో కలిసి సైకియాట్రిస్టు దగ్గరికి వెళ్ళాం.

చావు గురించి నేరుగా అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టు కాదని డాక్టరుగారు చెప్పారు. చావాలని లేకపోయినా దీన్ని తేలిగ్గా తీసుకోకూడదన్నారు. మందులు, పదునైన వస్తువులు బీరువాలో పెట్టి తాళం వెయ్యమన్నారు. "ఒట్టు వేయించుకుంటే మానరమ్మా, దాచడం నేర్చుకుంటారు. అలా అనిపించినప్పుడు ఎవరి దగ్గరికి రావాలో తెలిస్తే చాలు" అన్నారు.

ఇప్పుడు హాస్టల్ మాన్పించాం. మా ఇంటి నుంచే కాలేజీకి వెళ్తోంది. లోపల హోరు మొదలైతే వంటింట్లోకి వచ్చి గట్టు మీద కూర్చుంటుంది. నేనేమీ అడగను. చిక్కుడుకాయలో, వెల్లుల్లిపాయలో ముందు పెడతాను. ఒలుస్తూ ఒలుస్తూ ఒక్కోరోజు చెప్తుంది, ఒక్కోరోజు చెప్పదు. మధ్యలో రెండుసార్లు మళ్ళీ జరిగింది. రెండుసార్లూ తనే వచ్చి చెప్పింది. గాయం కడిగి, మందు రాసి, అన్నం కలిపి పెట్టాను. అంతే.

"తగ్గిందా?" అని అక్క రోజూ ఫోన్ చేస్తుంది. "తగ్గుతోంది" అంటాను.

మీ ఇంట్లో కూడా ఇలాంటి బిడ్డ ఉంటే ఒట్టు మాత్రం అడక్కండి. తప్పినా సరే, మీ దగ్గరికి రావచ్చని తనకి తెలియాలి.

ఇది రాయనా అని తననే అడిగాను. "నా పేరు వద్దు పిన్నీ. చిక్కుడుకాయల సంగతి మాత్రం రాయి" అంది.