ఎర్రమంజిల్‌లో ఎక్కిన పాలకొల్లు మాండలిన్

సాయంత్రం ఆరున్నరకు సోమాజిగూడ సర్కిల్‌లో కారులో కూర్చోవడం కంటే ఎర్రమంజిల్ దాకా నడిచి మెట్రో ఎక్కడమే మేలని అక్కడి ఆఫీసుల వాళ్లందరికీ తెలుసు. ఎర్రమంజిల్ తర్వాత పంజగుట్ట, ఆపైన అమీర్‌పేట. రెండే స్టేషన్లు. అమీర్‌పేటలో రైలు మారేవాళ్లు తలుపు దగ్గరికి జరిగేలోపు చెవిలో ఒక సినిమా పాట అయిపోతుంది. ‘ద బిలీవర్’ ఆల్బమ్ పెట్టుకున్నవాళ్లకు మాత్రం ఇబ్బందే. మొదటి పాట ఇంకా అసలు ఊపు అందుకోకముందే దిగిపోవాలి.

ఆ ఆల్బమ్ జాన్ మెక్‌లాగ్లిన్‌ది. 1942లో ఇంగ్లండ్‌లోని యార్క్‌షైర్‌లో పుట్టిన గిటారిస్టు. జాజ్ దిగ్గజం మైల్స్ డేవిస్ ఆల్బమ్ ‘బిచెస్ బ్రూ’లో ఒక ట్రాకుకు ఏకంగా ఈయన పేరే ఉంది. 1971లో పెట్టిన మహావిష్ణు ఆర్కెస్ట్రాతో రెండు మెడల ఎలక్ట్రిక్ గిటారు భుజాన వేసుకుని, రాక్‌లోని హోరునూ జాజ్‌లోని లెక్కలనూ ఒక్క కొలిమిలో పోసినవాడు. అలాంటి మనిషి 1999లో యూరప్ వేదికల మీద తబలాతో జాకిర్ హుస్సేన్‌నూ, కంజీరాతో సెల్వగణేశ్‌నూ, మాండలిన్‌తో ముప్ఫై ఏళ్ల పాలకొల్లు కుర్రాణ్ణీ పక్కన కూర్చోబెట్టుకుని రికార్డు చేసిన కచేరీ అది. రిమెంబర్ శక్తి అనే బృందం పేరుతో 2000లో బయటికొచ్చింది.

ఆ కుర్రాడు ఉప్పలపు శ్రీనివాస్. లోకానికి మాండలిన్ శ్రీనివాస్. తండ్రి సత్యనారాయణ క్లారినెట్ కళాకారుడు. ఇంట్లో ఉన్న మాండలిన్‌ను పిల్లవాడు తనంతట తానే మీటడం చూసి, కర్ణాటక సంగీతం నేర్పమని రుద్రరాజు సుబ్బరాజుకు అప్పగించారు. గురువుగారికి మాండలిన్ వాయించడం రాదు. ఆయన పాడేవారు, శిష్యుడు పాడిందంతా తీగల మీదికి దించేవాడు. వేళ్లు ఎక్కడ పెట్టాలో చెప్పేవాళ్లు లేకపోవడమే మంచిదైందేమో! గొంతులో వినబడిన గమకాన్ని తీగ మీద ఎలా పలికించాలో తానే వెతుక్కోవాల్సి వచ్చింది. 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనలో తొలి కచేరీ. 1983లో, పద్నాలుగేళ్లకే, బెర్లిన్ జాజ్ ఉత్సవం. మైల్స్ డేవిస్ వాయించిన ఉత్సవం అదే.

ఇక్కడ వాద్యాలను కాస్త దగ్గరగా చూడాలి. మాండలిన్‌కు సాధారణంగా ఎనిమిది తీగలు, నాలుగు జతలుగా ఉంటాయి. మీటితే టింగుమని మోగి ఆగిపోతుంది. జంట తీగలను పక్కకు లాగి గమకం పలికించడం గగనం. శ్రీనివాస్ ఆ జంటలు తీసేసి అయిదు ఒంటి తీగలు పెట్టుకున్నాడు. కరెంటు తగిలించి నాదాన్ని నిలబెట్టాడు. మాండలిన్‌తో కర్ణాటక సంగీతమేమిటని మద్రాసు పెద్దలు కొందరు ముఖం చిట్లించారు. తర్వాత వాళ్లే ముందు వరుసలో కూర్చున్నారు.

గమకం పలకని జబ్బు గిటారుకూ ఉంది. మెక్‌లాగ్లిన్ అమెరికాలోని వెస్లియన్ విశ్వవిద్యాలయంలో డాక్టర్ ఎస్. రామనాథన్ దగ్గర వీణ నేర్చుకున్నాడు. ఆపైన 1970లలో శక్తి అనే తన బృందం కోసం ఒక గిటారు చేయించుకున్నాడు. మెట్ల మధ్య చెక్కను దోనెలా తొలిపించాడు. వేలు లోతుగా నొక్కితే స్వరం జారాలని. నాదరంధ్రం మీదుగా అడ్డంగా శ్రుతి తీగలు కట్టించాడు. యార్క్‌షైర్ మనిషీ పాలకొల్లు మనిషీ ఒకరినొకరు ఎరగకుండానే ఒకే తాళానికి చెరో చెవి తయారుచేసుకున్నారన్నమాట.

మెక్‌లాగ్లిన్ చేసిన మేలైన పనంతా వేదిక మీదే జరిగిందనిపిస్తుంది. మహావిష్ణు ఆర్కెస్ట్రా లండన్ స్టూడియోలో రికార్డు చేసిన ఆల్బమ్ మూలనపడితే, బదులుగా 1973లో న్యూయార్క్ సెంట్రల్ పార్క్ కచేరీ వచ్చింది. మూలనపడింది 1999 దాకా జనానికి చేరలేదు. శక్తి మొదటి ఆల్బమే 1975లో లాంగ్ ఐలాండ్ కాలేజీలో చేసిన కచేరీ. 1980లో గిటారిస్టులు పాకో డి లూసియా, ఆల్ డి మియోలాలతో చేసిన ‘ఫ్రైడే నైట్ ఇన్ శాన్‌ఫ్రాన్సిస్కో’ సంగతి గిటారు సంచి వీపున తగిలించుకు తిరిగే ఏ కుర్రాణ్ణి అడిగినా చెబుతాడు.

లైవ్ ఆల్బమ్ అని అట్ట మీద వేసి, తప్పులన్నీ తర్వాత స్టూడియోలో అతుకులేసుకున్న రాక్ ఘనులకు లోటు లేదు. ‘ద బిలీవర్’ వినేవాళ్లకు అతుకుల ఊసే రాదు. ఒకరు అన్నదానికి ఇంకొకరు అక్కడికక్కడ బదులు చెప్పాలి. ఆ బదులు పుట్టే క్షణానిదే విలువంతా. ‘లోటస్ ఫీట్’ అనే నెమ్మదైన చిన్న బాణీ 1975 కచేరీలోనూ ఉంది, ఇందులోనూ ఉంది. అప్పుడు గిటారు పక్కన ఎల్. శంకర్ వయొలిన్, ఇప్పుడు మాండలిన్. రెండూ వెంటవెంటనే వింటే ఒక సంగతి తెలుస్తుంది. పాతదానిలో మెక్‌లాగ్లిన్ వేలు వినబడుతుంది, కొత్తదానిలో ఆయన చెవి వినబడుతుంది. తనకంటే ఇరవై ఏడేళ్లు చిన్నవాడు వాయిస్తుంటే చోటిచ్చి ఊరుకోవడం అందరు పెద్ద గిటారిస్టులకూ చేతనైన పని కాదు.

2000 డిసెంబరులో రిమెంబర్ శక్తి కచేరీ ముంబయిలో జరిగింది. ఊరి పేరు మారినా ఆల్బమ్ పేరు ‘సాటర్‌డే నైట్ ఇన్ బాంబే’. పాత శుక్రవారానికి జోడీ కావాలి మరి. శివకుమార్ శర్మ సంతూర్, శివమణి డ్రమ్స్, దేబాశీష్ భట్టాచార్య స్లయిడ్ గిటారు చేరి పెళ్లిపందిరిలా ఉంటుంది. ‘గిరిరాజ్ సుధ’ అన్న ట్రాకు మన త్యాగరాజ కృతి ‘గిరిరాజసుతా తనయ’. శంకర్ మహదేవన్ పాడాడు. తిరువయ్యూరు దాకా వెళ్లనక్కర్లేదు, గుడివాడ ఆరాధనలో మొదలైన దారే ఇటు తిరిగింది.

శ్రీనివాస్ 2014 సెప్టెంబరు 19న చెన్నైలో పోయాడు. వయసు 45. జాకిర్ హుస్సేన్ 2024 డిసెంబరులో వెళ్లిపోయాడు.

వినదలచినవాళ్లు ఎర్రమంజిల్‌లో మొదలుపెట్టవద్దు. ‘సాటర్‌డే నైట్’లో ఉన్నవి నాలుగే ట్రాకులు, కానీ గంట దాటుతాయి. సెలవు రోజున ఎల్.బి. నగర్‌లో ఎక్కి ఎర్ర లైను చివరిదాకా కదలకుండా కూర్చోండి. అయినా చివరి చప్పట్ల కోసం మియాపూర్ ప్లాట్‌ఫాం మీద కాసేపు నిలబడాల్సిందే.