మా వాడ పటం



మేము ముగ్గురం సిరిసిల్ల దగ్గరి ఒకే మాదిగవాడ పిల్లలం. జగిత్యాల హాస్టల్‌లో పదో తరగతి, కోరుట్లలో ఇంటర్ చదివాం. మా మూడిండ్లలో డిగ్రీ చేసింది మేమే మొదలు. ఈ వార్షికోత్సవ సంచికకు మా విజయాల గురించి రాయమన్నారు. మేము మాత్రం మా తప్పొకటి రాస్తున్నాం.

చిన్నప్పుడు ఏటా మా వాడకు డక్కలి తాత వచ్చేవాడు. రాత్రిపూట గుంజలకు పటం కట్టి, కిన్నెర మీటుతూ జాంబపురాణం చెప్పేవాడు. భూమికన్నా ఆరు నెలలు ముందు పుట్టిన జాంబవుడే మన మూలపురుషుడని కట్టెకొనతో బొమ్మ చూపేవాడు. హాస్టల్‌కు వచ్చాక మాకు నామోషీ పట్టుకుంది. ఒక దసరా సెలవుల్లో తాత, "పటం చినిగింది బిడ్డా, కొత్తది రాయించాలె. చదువుకున్నోళ్లు, పెద్దమనుషులకు ఒక మాట చెప్పుండ్రి" అన్నాడు. "ఈ కాలంల ఇవెందుకు తాతా" అన్నాం. మళ్లీ ఆయన రాలేదు.

పీజీలో ఉండగా సిద్దిపేట జిల్లా చేర్యాల పోయాం. ధనాలకోట వైకుంఠం కుటుంబం వంటి నకాశీల వల్లనే అక్కడ ఈ విద్య నిలిచింది. మేము చూసిన నకాశీవారికి ఇల్లే కార్ఖానా. ఖద్దరు బట్టకు గంజి, సుద్దమట్టి, చింతగింజల జిగురు పూసి ఆరబెడతారు. వెనుక ఎర్రరంగు నింపి బొమ్మలు రాస్తారు. ఇంటిల్లిపాదికీ పని ఉంటుంది.

"చినిగిన పటం బాగుచేస్తారా?" అని అడిగాం.

"అతుకులెయ్యం బిడ్డా. దాన్ని చూసి కొత్తది రాస్తం. పాతదాన్ని మొక్కి నీళ్లల్ల కలుపుతరు" అన్నాడు ఇంటి పెద్ద.

హైదరాబాదులోని జగదీశ్, కమలా మిట్టల్ మ్యూజియంలో సుమారు 1625 నాటి భావనారుషి కథ పటం ఉంది. అది పద్మశాలీల పురాణం. మ్యూజియం పాతదాన్ని దాచి కాపాడుతుంది. నకాశీ ఇల్లు మళ్లీ రాసి కాపాడుతుంది. అయితే రాయించుకునే కథకుడుండాలి, ఆయనను పిలిచే వాడ ఉండాలి. ఆ వాడ మాదే. వద్దన్నదీ మేమే.

పోయిన సంక్రాంతికి తాతను వెతుక్కుంటూ పోయాం. తాత లేడు. కొడుకు ఆటో నడుపుతున్నాడు. పురాణం సగమే వస్తుందన్నాడు. ఆ సగం రెండు రాత్రులు కూర్చొని నోట్‌బుక్కులో రాసుకున్నాం.

తమ్ముళ్లూ, సెలవులకు ఇంటికి పోయినప్పుడు మీ వాడకు డక్కలి వస్తే లోపలికి పోకండి. ఎదురుగా కూర్చోండి, విన్నది రాసి పెట్టండి. మిగతా సగం మీలో ఎవరి వాడలోనైనా దొరికితే, చేర్యాలలో కొత్త పటం రాయించే ఖర్చు మా ముగ్గురిది.