మొదటి రాత్రి

గోడ మీద సెంట్రీ దగ్గర తుపాకీ ఉంటుంది. లోపల తిరిగే వార్డర్ దగ్గర ఉండదు. లోపలికి తీసుకెళ్తే అది ఎవరి చేతికైనా చిక్కవచ్చని ఆ కట్టడి. లాఠీ, విజిల్, తాళాల గుత్తి, అంతే. కోస్తా జిల్లాల జైళ్లలో పనిచేసినన్నాళ్లూ వందమందికి పైగా ఉన్న బ్యారక్ ముందు ఒక్కణ్ణే నిలబడ్డ రాత్రులు ఎన్నో. అక్కడ పనికొచ్చేది మాటే. ఎవరు అన్నం తినలేదు, ఎవరికి ములాఖత్ రాలేదు, ఎవరికి ఆ రోజు బెయిల్ కొట్టేశారు, ఇవి తెలిసిన వార్డరు మాట బ్యారక్ వింటుంది.

సాయంత్రం లాకప్ అంటే తాళం వేయడమే అనుకుంటారు బయటివాళ్లు. ముందు ఊచలు తట్టి చూడాలి. గట్టి ఊచ ఖంగుమంటుంది, కోత పడ్డదైతే చప్పుడు మారుతుంది. తర్వాత వరసల్లో కూర్చోబెట్టి లెక్క. బ్లాకుల లెక్కలన్నీ గేటు దగ్గర రిజిస్టరుతో కలవాలి. ఆసుపత్రికి వెళ్లినవాళ్లు, కోర్టు నుంచి ఆలస్యంగా వచ్చినవాళ్లు అందరూ అందులో తేలాలి. ఒక్క తల తేడా వచ్చినా మళ్లీ మొదటి నుంచి. అది కలిసేదాకా పగటి డ్యూటీవాళ్లు ఇంటికి పోరు.

నాకు వీటన్నిటికన్నా బరువైన పని కొత్త రిమాండు ఖైదీ మొదటి రాత్రి. వారంటుతో అప్పగించాక ఊరు, పేరు, పుట్టుమచ్చలు, బరువు రాసుకుంటాం. ఒంటిమీది వస్తువులు వేరే రిజిస్టర్లోకి ఎక్కుతాయి. మొలతాడు తీయమన్నప్పుడు చాలామంది అక్కడే కూలబడతారు. అమ్మానాన్నా బతికుండగా తీయకూడదండీ అని బతిమాలినవాళ్లున్నారు. అయినా తీయించేవాళ్లం. ఎందుకో మాత్రం చెప్పేవాళ్లం కాదు.

ఒక కుర్రాడు గుర్తున్నాడు. ఊళ్లో కొట్లాట కేసు. బ్యారకంతా పడుకున్నాక కూడా గోడకి చేరబడి, తువాలు చేతికి చుడుతూ విప్పుతూ కూర్చున్నాడు. నేను రౌండు వెళ్లొచ్చినా అలాగే ఉన్నాడు. ఊచల దగ్గరికి పిలిచాను.

"అన్నం తిన్నావా బాబూ?"

"తిన్నానండి."

"తినలేదండి, ముద్ద ముట్టుకోలేదు" అన్నాడు పక్కవాడు, కళ్లు తెరవకుండానే.

"ఇంటి దగ్గర ఎవరున్నారు?"

"అమ్మండి. ఆవిడ పొలం నుంచి వచ్చేసరికే నన్ను తీసుకొచ్చేశారండి. ఎక్కడున్నానో తెలీదండి."

తెల్లారి జైలరుగారు వస్తే కబురు పంపించవచ్చు, అంతవరకూ నా చేతిలో ఏమీ లేదు. ఫోన్ నంబరు చెప్పమని రాసుకున్నాను. రెండు మూడుసార్లు తడబడి, నంబరు పూర్తయ్యాక వెక్కి వెక్కి ఏడ్చాడు. ఏడ్చేవాడి గురించి మాకు భయం కాస్త తక్కువ. "ఆ తువాలు ఇలా ఇవ్వు" అన్నాను. ఇచ్చేశాడు.

ఈ పని నాకు నేర్పింది మా హెడ్ వార్డరుగారు. అదే బ్యారక్‌లో నెలల తరబడి ఉన్న పెద్దవయసు రిమాండు ఖైదీని చూసి, "తాతా, ఈ పిల్లోడు ఈ రాత్రికి నీ పక్కన" అని చోటిప్పించేవారు. ఆ కుర్రాణ్ణీ అలాగే పడుకోబెట్టాను. పొద్దున డ్యూటీ దిగేముందు నంబరు జైలరుగారికిచ్చి, మధ్యాహ్నానికి వాళ్లమ్మ గేటు దగ్గరికొచ్చిందని విన్నాకే నిద్రపోయాను.

సుప్రీంకోర్టు నియమించిన జస్టిస్ అమితవ రాయ్ కమిటీ లెక్క ఈమధ్య చదివాను. 2017 నుంచి 2021 వరకు దేశంలోని జైళ్లలో 817 అసహజ మరణాలు. వాటిలో 660 ఆత్మహత్యలు. ఆ అంకె దగ్గర చాలాసేపు ఆగిపోయాను. శిక్షణలో మాకు కవాతు నేర్పారు, తుపాకీ నేర్పారు, 1894 నాటి జైళ్ల చట్టం చెప్పారు. నిద్రపోని ఖైదీ చేతులు ఏం చేస్తున్నాయో చూడాలని ఏ తరగతిలోనూ చెప్పలేదు.

ఆరుగురు ఖైదీలకు ఒక కాపలా మనిషి ఉండాలంటుంది 2016 నాటి మోడల్ ప్రిజన్ మాన్యువల్. నేనంత అడగలేదు. రాత్రి బ్యారక్‌కి ఇద్దరుంటే, ఒకరు రౌండుకి పోయినా రెండోవాళ్లు కొత్తవాడి ఎదురుగా ఉంటారు. పై అధికారులు సిబ్బందికి దర్బారు పెట్టి కష్టాలు చెప్పమన్నప్పుడల్లా నేను లేచి అడిగింది ఆ రెండో మనిషినే.